ఎక్కే తీగ

రేకుల కప్పు మీద గొడుగు, మొహం దక్షిణానికి.
బీరువా మీద పెట్టె, పెట్టెకి నాలుగు దీపాలు.
మొదటిది కరెంటుందని చెబుతుంది,
ఆ మాట మా పంకా కూడా చెబుతుంది.
రెండోది పైనుంచి దిగేది. పచ్చగా, నిలకడగా,
ఏ నెలా దానికి జబ్బు చేయలేదు.
మూడోది ఇక్కణ్ణుంచి ఎక్కేది.
మూడు రోజులుగా కొట్టుకుంటోంది
నలుసు పడ్డ కన్నులా.
అది నిలిస్తేగాని నాలుగోది పుట్టదు.

మందస కొండల్లో డి.ఆర్. డిపో మాది.
వెనక గదిలో ముప్పై ఎనిమిది బస్తాల బియ్యం,
తాళంచెవి నా మొలతాడుకి.
గుమ్మంలో సవర సోంబారి.
"ఏటి బాబూ, నీ దీపం ఇంకా కన్ను గీటతందా?"
గీటుతోందన్నాను.
"సిగ్గునేదు దానికి, ఇంతమందిలోన."
వరసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, తాళంచెవి తడుముకుంటూ.

శ్రీకాకుళంలో ఒకపూట శిక్షణ ఇచ్చి
చేతిలో పెట్టిన కాగితం తీశాను.
నిలకడగా ఉంటే కుదిరినట్టు.
నెమ్మదిగా ఆరి వెలిగితే వెతుకుతున్నట్టు.
అసలు వెలగకపోతే తీగ చూడు.
మూడుసార్లు వెలిగి ఒకసారి ఊపిరి తీసుకుంటే
ఏమిటో
జిరాక్సులో పడలేదు.

ఫోను పలికేది ఒక్కచోటే,
జీడితోట మలుపులో రాయెక్కి నిలబడితే.
నేను దీపం చూసి రాయి దాకా పరిగెత్తేసరికి
విశాఖ నుంచి ఆ కుర్రాడు అడుగుతాడు:
"ఇప్పుడు ఎలా ఉంది సార్?"
ఇప్పుడు ఎలా ఉందో
ఇక్కణ్ణుంచి కనపడదు నాయనా.

అప్పుడు లేచాడు ఇసాకు.
దీపం దగ్గర ఒక గుంటణ్ణి పెట్టాడు,
గెడ్డకి ఇటు లక్కాయిని, అటు మంగులుని,
రాయి మీద నన్ను, మలుపులో తను.
"కొట్టుకుంటంది!"
"కొట్టుకుంటందట!"
"కొట్టుకుంటందంటన్నారు బాబో!"
విశాఖ చెప్పింది: కనెక్టర్ని చూడండి.
గెడ్డ దాటి డిపోకి చేరేసరికి అది
కలెక్టర్ని చూడండి.
"ఎప్పుడొస్తాడట?" అని సోంబారి చీర సర్దుకుంది.

మళ్లీ చెప్పించాం. స్విచ్చి ఆపి నిచ్చెన వేశాం.
గొడుగు వెనక రెండు తీగలు.
దిగే తీగ కొన మెరుస్తోంది, కొత్త ముక్కుపుడక.
ఎక్కే తీగ కొన తిప్పి తీస్తే
లోపల వానచెమ్మ, ఆకుపచ్చ చిలుము.
మూడు రోజులుగా పైకి పంపిన వేలిముద్రలన్నీ
ఈ గోరంత పచ్చదనం దగ్గరే
ఆగిపోయాయన్నమాట.

వచ్చే గురువారం మనిషిని పంపుతాం, అంది విశాఖ.
"సిలుముకి మనిసెందుకు, సింతపండుండగా?"
నాకే అమ్మడానికి తెచ్చిన మూటలోంచి
చిటికెడు తీసి, నేను కిందికి వదిలిన తీగ కొనని
చెంబు తోమినట్టు తోమింది సోంబారి.
తుడిచింది, ఊదింది,
ఒక అడ్డపొగ పీల్చినంతసేపు ఎండకి పెట్టింది.

స్విచ్చి వేశాం.
మొదటిది. రెండోది.
మూడోది కొట్టుకుంది, కొట్టుకుంది,
నిలిచింది.
నాలుగోది కొత్త కోడలిలా ఆగి ఆగి వచ్చింది.
ఇసాకు ఇంకా మలుపులోనే ఉన్నాడు,
వాడికి ఎవరూ చెప్పలేదు.

సోంబారి బొటనవేలు పెట్టింది. సరిపోలలేదు.
చింతపండు పులుసు. కడిగి పెట్టింది. సరిపోలలేదు.
అడ్డాకులు కుట్టి కుట్టి అరిగిన గీతలకి
ఈ పెట్టెలో దీపం లేదు.
ఎడమచేతి నడిమివేలు పెట్టమన్నాను.
అది ముప్పై ఆరువేల కిలోమీటర్లు ఎక్కి, దిగి,
మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి
ఊఁ అంది.
"ఏటన్నాది?"
నువ్వు సోంబారివేనంది.
"అంత దూరమెల్లి అదా అడిగొచ్చింది?
నన్నడిగితే నాను సెప్పనేటి?"

కాటా మీద బియ్యం పోస్తుంటే
మూడో దీపం ఒకసారి రెప్ప వేసిందట.
గుంటడు చెప్పాడు.
మేమెవరం అటు చూడలేదు.