ఎక్కినవి, దిగినవి

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు,
మెట్ల మూలల్లో కిళ్ళీ మరకలు.
సూచీ ఇవాళ కొత్త శిఖరం ఎక్కిందని
మా బ్రోకరు పూతరేకులు పంచాడు.
అందరి వేళ్ళకీ పంచదార.

దాలినాయుడు గారు మాత్రం తన వంతు
కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు, మనవరాలికి.
స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు
షిఫ్టు లాగ్‌బుక్కు రాసిన చెయ్యి.
మూడున్నర కాగానే నోటుబుక్కు తీసి
రెండే అంకెలు వేస్తారు:
ఎక్కినవి ఎనిమిది వందల పన్నెండు.
దిగినవి పంతొమ్మిది వందల నలభై.
తొమ్మిది రోజులుగా ఆ రెండో అంకె లావెక్కుతోంది.

"సూచీ పెరిగింది కదండీ" అన్నాను.
"పెరిగింది. అయిదుగురు మోస్తున్నారు.
పల్లకీ లేచిందనే చూస్తారు జనం,
ఎన్ని భుజాలు తప్పుకున్నాయో లెక్కెట్టరు."

నా మూడు షేర్లూ
ఆ పంతొమ్మిది వందల్లోనే ఉన్నాయి.
పూతరేకు నోట్లో కరిగింది గానీ
రుచి అడిగితే చెప్పలేను.

నిద్ర పట్టక, నాలుగింటికే
ఫిషింగ్ హార్బరుకి పోయాను.
ఒక్క బోటు చుట్టూ జాతర.
మనిషంత కొమ్ముకోనం,
దాని మీదికి వంగిన ఫోన్లు,
జెట్టీ అంతా వేలంపాట గొంతే.

కాసులమ్మ అటు తిరిగి చూడలేదు.
గంప బోర్లించి దాని మీద కూర్చుని
వచ్చిన ప్రతి బోటు కడుపులోకీ తొంగి చూస్తోంది.
"ఏం వెతుకుతున్నావమ్మా?"
"ఐసు బాబూ. వోడకుండా తిరిగొచ్చిన ఐసు.
సేప పడితే ఐసు మిగల్దు గదా!
ముప్పై బోట్లొచ్చినాయి,
ఇరవయ్యారింట్లో ఏసింది ఏసినట్టే ఉంది.
ఆ ఒక్క కొమ్ముకోనాన్ని సూసి
సవుద్రం బాగుందంటే నానెలాగ నమ్మీది?"

పారబోసిన ఐసు
సిమెంటు మీద మెల్లగా నీరవుతోంది.
డాల్ఫిన్ నోస్ మీద దీపం
తెల్లారినా ఆరలేదు.

తొమ్మిదింబావుకి మార్కెట్టు తెరిచారు.
అమ్మానా, ఉంచుకున్నానా,
అది మీకు చెప్పను.
దారిలో ఒక నోటుబుక్కు కొన్నాను, ఇరవై రూపాయలు.
మొదటి పేజీలో తారీఖు వేసి, కింద
ఎక్కినవి నాలుగు,
దిగినవి ఇరవయ్యారు అని రాసుకున్నాను.

దాలినాయుడు గారు కళ్ళజోడు పైకి నెట్టి
చాలాసేపు చూశారు.
"ఇది ఏ ఎక్స్ఛేంజీదోయ్?" అన్నారు.