ఎనభై ఆరు

షార్జా సనయ్యాలో, అసర్ నమాజు దాటాక
దుకాణపాయన రెండు మిషన్లు ఆన్ చేసి చూపించాడు.
ఒకటి డెబ్బై రెండు డెసిబెల్స్,
పాలు తాగిన పిల్లి గురగుర.
రెండోది ఎనభై ఆరు.
దాని పక్కన నా మాట నాకే వినపడలేదు.

"మొదటిదే తీసుకుందాం,
ఆఫీసులో ఫోన్లు మాట్లాడాలి కదా"
మేనేజర్ సజీవన్.

షట్టర్ దించమన్నాను.
జేబులో తెచ్చుకున్న ఎండీఎఫ్ పొడి
రెండింటికీ చెరో గుప్పెడు తినిపించి
చీకట్లో టార్చి వేశాను.
నెమ్మదిదాని గుడ్డసంచి చుట్టూ
తెల్లగా, తీరిగ్గా మంచు లేచింది.
కంటికి కనిపించే పొట్టు మింగి
కనిపించనిదంతా
మర్యాదగా మనకే తిరిగిస్తోంది.

రెండోదాని ముందు
వెలుగు ఖాళీగా నిలబడింది.

పోశెట్టి గుర్తొచ్చాడు.
పదకొండేళ్లు సాండింగు బల్ల దగ్గర,
ముక్కుకు తడిగుడ్డ.
పన్నెండు మంచాల గదిలో
అతని దగ్గు ఎన్ని డెసిబెల్సో
ఎవరం కొలవలేదు.
ఏసీ పెంచి పడుకునేవాళ్లం.

చెవిమూతలు జత పదిహేను దిర్హాములట.
రెండు జతలు ఇవ్వమన్నాను.
కాదు, ఆరు.
సజీవన్ ఏదో అంటున్నాడు,
పెదాలు కదులుతున్నాయి.
మిషన్ నేనింకా ఆపలేదు.