మస్టరు రాసేవాడి లెక్క

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
లోపల చలి, బయట రేకుల కింద ఘాటు.
నూటపది మంది ఆడవాళ్ళు,
ముక్కులకు పాత చీర పేలికలు, ఒళ్ళో చేటలు.
కిలో కాయకి తొడిమ తీస్తే ఇంత అని కూలి.
మస్టరు రాసేది నేను.
పేరు, కాటా, సంతకమో వేలిముద్రో.
ఇందులో వాదన లేదు. ముల్లు ఎక్కడ ఆగితే అక్కడ.

మొన్న టీ తాగేటప్పుడు
పకోడీ చుట్టిన పేపరు ముక్క విప్పి
చదవమంది ఖైరున్‌బీ.
మన ఎమ్మెల్యే జీతం ఉంది అందులో.
సభ ఎంత కూర్చుందో కూడా ఉంది,
నూనె మరక కింద అంకె సరిగా కనపడలా.
"రోజులా, గంటలా?" అంది మార్తమ్మ.
నాకూ తెలియలేదు.

ఆ పూట చేటల్లో కాయలకంటే మాటలెక్కువ.
"సంతకం పెట్టి బయటికి పోయినా డబ్బులిస్తారంటగా?"
"రేపట్నించి మనమూ అంతే చేద్దామే!"
నవ్వితే తుమ్ములు, తుమ్మితే మళ్ళీ నవ్వు.

నాంచారమ్మ మాత్రం నవ్వలేదు.
తొడిమ గిల్లుతూనే అంది:
"మా ఆయన పెద్దాసుపత్రిలో పోయిన రాత్రి
శవాన్ని ఇవ్వటానికి పొద్దుటిదాకా ఆగమన్నారు.
రెండింటికి ఫోను చేస్తే ఆయనే ఎత్తాడు. నిద్రగొంతు.
పావుగంటలో ఇచ్చారు.
అది పని కాదా? దానికేం కూలి కడతారో కట్టండి."

ఎవరూ మాట్లాడలేదు.
ఎండుకాయల గలగల ఒక్కటే.

చాలాసేపటికి మార్తమ్మ, తల ఎత్తకుండానే,
"ఆ ఫోను లేకుండా శవాన్ని ఇచ్చేట్టు చెయ్యటానికి కదే
మనం పంపించింది" అంది.
నాంచారమ్మ చేట పక్కన పెట్టి
నీళ్ళకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు.

నేనేం చెప్పను?
పోయినేడు తిరుమల దర్శనం ఉత్తరం కోసం
బ్రాడీపేటలో ఆయన ఆఫీసు మెట్ల మీద
ఆరింటి నుంచి నిలబడ్డా.
ముందు ట్రాన్స్‌ఫర్లు, వెనక పెన్షన్లు,
పెళ్ళిపత్రికల వాళ్ళది వేరే వరస.
ఆయన సగం ఇడ్లీ తిని సంతకాలు పెడుతున్నాడు.
అప్పటికే గొంతు పోయింది.
ఖాళీగా ఉన్నాడని ఎట్లా అంటాను?
ఆ రోజు సభ ఉంది. ఆ సంగతి
ఆ మెట్ల మీద ఎవరికీ గుర్తు లేదు.
గుర్తున్నా, "ముందు సభకి వెళ్ళండయ్యా" అనేవాడు
మాలో ఒక్కడు లేడు.
నేను అసలే అనను. కొండ మీద రూము కూడా కావాలి నాకు.

ఖైరున్‌బీ కూతురికి జ్వరమొచ్చిన రోజు
రాకపోయినా అరపూట రాశాను.
షావుకారు పట్టుకున్నాడు. నా జీతంలో కోశాడు.
తిట్టుకుంటూనే, న్యాయమే అనుకున్నా.
మరి అక్కడ మస్టరు ఎవరి చేతిలో ఉంది?
కోసే షావుకారు ఎవరు?
నేనేనట. బళ్ళో సోషలు మాస్టారు చెప్పాడు.
ఐదేళ్ళకోసారి తెరిచే మస్టరు, ఒకటే గడి.
రాత్రి రెండింటి ఫోనూ, వెళ్ళని రోజులూ, నా ఉత్తరమూ
అన్నీ ఒక్క సిరా చుక్కలో ఇరికించాలి.

ఇవాళ ఆయన మా రేకుల కిందికి వచ్చాడు.
ఎలక్షన్లు దగ్గరకొచ్చాయి.
కెమెరా కుర్రాడు చెప్పగానే గొంతుక్కూచుని
మార్తమ్మ చేటలోంచి తేజ కాయ ఒకటి తీశాడు.
తొడిమతో పాటు మెడ విరిగింది, గింజలు రాలాయి.
చెమట తుడుచుకోబోయి కన్ను నలుపుకున్నాడు.
ఇక చూడు.
పరిగెత్తి చెంబు తెచ్చింది నాంచారమ్మే.
"నలపమాకయ్యా, నలపమాక" అంటూ
దోసిట్లో నీళ్ళు పట్టి కళ్ళకు కొట్టింది.
మార్తమ్మ ఆ విరిగిన కాయని చూసి
తాలు కుప్పలోకి విసిరింది.

సాయంత్రం కాటాలయ్యాక
మస్టరులో అడుగున ఆయన పేరూ రాశాను.
ఒక కాయ. తాలు.
కూలి గడి దగ్గర పెన్ను ఆగింది.
పెన్సిల్ వెతుక్కున్నాను.