కిలోమీటరు రాళ్ల లెక్క

నార్కట్‌పల్లి దాటినంక
హైవే పక్కన జాంగీర్ పంచర్ దుకాణం.
నిలబెట్టిన లారీ టైరు మీద
సున్నంతో రాసుకున్నడు: గాలి కలదు.
పగలంత గాలి కొడతడు.
అద్దుమరాత్రి
నాకు ఫోన్ కొడతడు.

"సార్, పండుకున్నవా?"
పండుకున్నోణ్ణి లేపి గిట్ల అడిగేది
వాడొక్కడే.

నేను పశువుల దవాఖాన్ల కాంపౌండర్ని.
బర్లకు, గొర్లకు, కోళ్లకు లెక్క రాస్త.
మా రిజిస్టర్ల రోడ్డు మీద కుక్కకు ఖానా లేదు.
అయినా బండి తీస్త.
ఎందుకు తీస్తనో
మా ఇంటామె ఇప్పటికీ అడుగుతనే ఉంది.

మొదటిసారి పోయిన్నాడు
లారీ ట్యూబు నిలువున చీరి
ఉయ్యాల లెక్క పట్టుకొని ఉన్నడు.
అండ్ల ఒక ఎర్రకుక్క.
దాని పక్కబొక్కల మీద చెవి పెట్టి
"ఏడ్నో లీకైతుంది సార్" అన్నడు.
నవ్వొచ్చింది నాకు.
వాడు నవ్వలే.
నీళ్ల తొట్టిల ముంచి
బుడగ ఏడ లేస్తదో చూసే కండ్లతోనే
దాన్ని చూస్తున్నడు.

కాలు కట్టిన. జర వంకర అతికింది.
ఇప్పుడది వాని ఎనక నడుస్తుంటే
ఇద్దరి నడక ఒక్కతీరు.
వాడు మర్రిగూడెం దిక్కోడు,
బోరు నీళ్లు తాగి పెరిగినోడు.
మోకాళ్లు రెండూ విల్లు లెక్క వంగినయి.
"నన్ను నీళ్లు గుద్దినయి సార్,
బండి నంబరు ఎవలు రాసుకున్నరు?"

వాని దగ్గర ఒక నోటుబుక్కు.
ఎడమ దిక్కు బాకీలు.
కుడి దిక్కు
తారీఖు, కిలోమీటరు రాయి, రంగు.
"తెల్లది. ఈనింది. పిల్లలు దొరకలే."
"దూడ. చెవికి పోగు ఉంది. ఎవలూ రాలే."
"పిల్లి అనుకున్న. ముంగి."

ఆ దూడ రాత్రి నేను పోయిన.
"లాభం లేదు జాంగీరూ" అన్న.
"ఎరికే సార్.
రోడ్డు మీద సావొద్దని పిలిచిన."
ఇద్దరం పట్టి, సాపల చుట్టి
కంపచెట్ల ఎనక పండబెట్టినం.
తెల్లారేదాకా అది బతికే ఉండె.
తెల్లారేదాకా వాడు ఈగలు కొట్టిండు.

మంచోడని ఊరంత మొక్కుతదనుకునేరు.
బుచ్చమ్మ కొడుకును కుక్క కరిస్తె
ఆమె దుకాణం ముంగటికొచ్చి మన్ను పోసింది.
"నువ్వు సాదబట్టే గద!"
వాడు మాటకు మాట అనలే.
పోరణ్ణి స్కూటర్ మీద కూసోబెట్టుకొని
నల్లగొండకు ఐదు సూదులకు ఐదుసార్లు తిప్పిండు.
తర్వాత ఒక్కొక్క కుక్కనే పట్టి
పిల్లలు కాకుండ ఆపరేషన్‌కు తోలిచ్చిండు.
ఆటో కిరాయికి
గాలి మిషన్ కుదువ పెట్టిండు.
బుచ్చమ్మ ఇప్పటికీ వానితోని మాట్లాడదు.
సద్ది మాత్రం గోడ మీద పెట్టి పోతది,
కుక్కలకో, వానికో చెప్పదు.

ప్రతి సోమారం కలెక్టరాఫీసుకు పోతడు.
"ఆ మలుపు కాడ ఒక్క లైటు.
పారేటోటికి కింద ఒక తొవ్వ."
"కుక్కలకు దరఖాస్తా?" అని
లోపట ఎవలో పెద్దగ నవ్విన్రు.
ఫారంల ఒక గీత ఉంటది:
దరఖాస్తుదారునికి జరిగిన నష్టం.
వాడు చానాసేపు ఆలోచించి
"నిద్ర" అని రాసిండు.

లైటు రాలే.
బండ్లకు అంటించంగ మిగిలిన
రేడియం ముక్కలు కోసి
కుక్కల మెడలకు పట్టీలు కట్టిండు.

మొన్న సూర్యాపేటల పెండ్లికి పోయి
రాత్రి బస్సుల వస్తున్న.
మలుపు కాడ డ్రైవరు బ్రేకేసిండు.
చీకట్ల, అంత కింద,
పచ్చటి చుక్కలు వరుసగ రోడ్డు దాటుతున్నయి.
ఎనకది జర ఎగిరెగిరి పడుతుంది,
కుంటుతుంది.
బస్సుల అందరు లేచి చూసిన్రు.
"ఏందియ్యి?" అన్నడు నా పక్కాయన.

నేను లెక్కబెడుతున్న.
ఆరు.
పట్టీలు ఏడు కట్టిండు.

ఫోన్ తీసి చూసుకున్న.
సిగ్నల్ ఉంది.
ఎవలూ చెయ్యలే.