ఐదు నిమిషాల కాగితం

పుంటా అరేనస్‌లో గాలి మనుషుల్ని నిలబడనివ్వదు.
ఉధృతం ఎక్కువైన రోజుల్లో కూడళ్ళ దగ్గర తాళ్ళు కడతారు,
పట్టుకుని దాటమని.
అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి ఇక్కడ.
అందుకే ఎవరూ ఎవర్నీ
ఏమైందని అడగరు.

నా పని చిన్నది.
కంటి ఆసుపత్రిలో, కింది రెప్ప మడతలో
సన్నటి కాగితం ముక్క తగిలించి గడియారం నొక్కడం.
ఐదు నిమిషాల్లో తడి ఎంత దూరం పాకిందో
మిల్లీమీటర్లలో రాయడం.
పదిహేనేళ్ళుగా ఈ ఊరి కన్నీళ్ళు కొలుస్తున్నాను.
దేనికీ కారణం రాయలేదు,
మా రిజిస్టర్లో ఆ గడి లేదు.

సెప్టెంబరులో వచ్చాడు ఒనోఫ్రే బార్రియా,
జలసంధిలో పీతల పడవ మీద పనివాడు.
ముందు గొంతు గరగర, ఆ వెనక పడిశం.
పడవలో ఆరుగురికి ఒకటే తువ్వాలు.
నాలుగో రోజుకి కుడి కన్ను, ఆరో రోజుకి ఎడమది.
తెల్లారేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోయి
"ఎవరో బయటినుంచి గడియ పెట్టినట్టుంది" అన్నాడు.
చెవి ముందు కందిగింజంత బిళ్ళ.
డాక్టరు నేలీడా దాన్ని వేలితో తడిమి
ఆ వేలిని రెండుసార్లు కడుక్కుంది.

కంటి నుంచి ముక్కులోకి సన్నటి తూము ఒకటుంది,
ఏడ్చినవాళ్ళు ముక్కు చీదేది అందుకే.
నీళ్ళు దిగే ఆ దారినే జబ్బు ఎదురెక్కిందో,
ముక్కు తుడుచుకున్న చెయ్యే మోసుకొచ్చిందో,
చెప్పలేనంది డాక్టరు.
చెయ్యి మీదే అనుమానం, అంది మళ్ళీ.

కాచి చల్లార్చిన నీళ్ళు. వేరే తువ్వాలు. వేరే తలగడ.
మూడు వారాల్లో ఎరుపు పోయింది.
రేవు దీపాల చుట్టూ మాత్రం వలయాలు మిగిలాయి,
నల్లగుడ్డు మీద మచ్చలు మానడానికి నెలలు పడుతుందట.
"ప్రతి దీపాన్నీ పీతల బోనులో పెట్టారు" అని నవ్వాడు.
నేనూ నవ్వాను, మాస్కు లోపల.

డిసెంబరులో మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.
"గాలికి కళ్ళు కారడం లేదు."
పదిహేనేళ్ళలో ఈ ఫిర్యాదు వినలేదు నేను.

పడవ వంటవాడు తెయోదోసియో,
అదే తువ్వాలు, అదే దగ్గు.
ఆ ముసలాయనకి అది కళ్ళకి ఎక్కలేదు,
ఊపిరితిత్తుల్లోకి దిగింది.
అక్టోబరులో పూడ్చారు, గాలి టోపీలు లాక్కుపోయే రోజున.
పూజారి కళ్ళు కారాయి. గోతులు తవ్వేవాళ్ళ కళ్ళు కారాయి.
అప్పులవాడి కళ్ళు కూడా.
"అందరూ గాలికి ఏడ్చారమ్మా.
ఏడ్చినవాణ్ణి నేను, పొడిగా నిలబడ్డాను.
రోసెందా నా వంక చూసింది. ఆ చూపు...
రాతిగుండె అనుకుని ఉంటుంది."

కాగితం తగిలించాను. గడియారం నొక్కాను.
కుడి మూడు. ఎడమ రెండు.
చుక్కల మందు రాసింది డాక్టరు, రోజుకి ఆరుసార్లు.
లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి,
"ఆ అంకెలు విడిగా రాసిస్తారా, ముద్ర వేసి?
ఆవిడకి చూపించాలి."

అలాంటి ధ్రువపత్రం మా దగ్గర లేదు.
రాశాను. ముద్ర కాస్త వంకరగా పడింది.

జనవరిలో ఒకామె వచ్చింది, వరుసలో పేరు లేదు.
సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది,
నా దస్తూరీ, నా వంకర ముద్ర.
"నాకూ పెట్టండి" అంది.
ఏం బాధ అని అడగబోయి, ఊరి అలవాటు, ఊరుకున్నాను.
రెండో నిమిషం దాటకముందే
కాగితం కొస దాకా తడిసి
చెంప మీదికి జారింది.

"గాలి" అంది.
కిటికీలు అన్నీ వేసే ఉన్నాయి.

ముప్పై అయిదు అని రాశాను.
కాగితం పొడవు అంతే.