లిఫ్టు ఖరాబైంది

షార్జా, అల్ నహ్దా. పదకొండో అంతస్తు,
పదకొండొందల నాలుగు.
దినం విడిచి దినం నా బండి ఆడ ఆగుతది.
ఆర్డరు మీది పేరు మృదుల. పైసలు కట్టేది ఆమె,
తలుపు తీసేది హవిష్.

ఆరో తరగతి పోరడు.
గుండీ అందని బడి అంగీ,
మెడ మడతల పొద్దుటి పౌడరు తెల్లగ.
తల్లి దవాఖానల నర్సు,
తండ్రి జెబెల్ అలీల కంటెయినర్లు లెక్కవెడ్తడు.
బడి బస్సు రెండింటికి దించుతది,
ఇంట్ల మనిషి అలికిడి తొమ్మిదింటికి.
నడుమ ఏడు గంటలు
ఏసీ, టీవీ, నేను.

ఆర్డరు కింద ఒక ముక్క రాసుంటది:
"వాడు తీసుకున్నాక నాకు ఫోన్ చెయ్యండి."
జేస్త.
వార్డుల ఉరుకుతున్న చెప్పుల చప్పుడు నడుమ
"తీసుకున్నాడా అన్నా? వేడిగా ఉందా?"
తిన్నడా అని కాదు, వేడిగున్నదా అని.
చెయ్యి పంపరాదు కద,
వేడి పంపుతది.

బయటికి పోయి ఆడుకోరాదా అందామనుకున్న.
కిటికీలకెంచి కిందికి చూసిన.
జారుడుబల్ల పెనం తీరు కాలుతున్నది,
ఇసుకల పిల్లి సుత అడుగు పెడ్తలేదు.
పార్కు కనవడ్తది, అందది,
నడుమ ఆరు వరుసల కార్లు.
మే నెలకెల్లి బడిల ఆట పిరియడు బందట,
దాని జాగల సినిమా ఏస్తరట.
అనుకున్న మాట మింగిన.

నాకేం తక్కువ పాపం?
ఆర్డరుకు ఏడు దిర్హాములు.
వాని నడుము పెరిగిన కొద్ది
మెట్‌పల్లిల నా ఇంటికి గోడలు లేస్తున్నయి.
ఆ గోడల నడుమ నా బిడ్డ లహరిక
వీడియోల చిప్సు పాకిటు ఊపుతది:
"బాపూ, బస్టాండు కాడ బర్గర్ దుకాణం పెట్టిండ్రు,
నువ్వు మోసేటివే!"
బుగ్గలు ఫోన్ల పడుతలేవు.
మా ఆమె మురిసింది, నేను సుత మురిసిన.
గట్క తాగి పెరిగినోళ్లం,
బొక్కలు తేలుడు మాకు కరువు గుర్తు.
పిల్ల ఒళ్లు చేసిందంటె
మా అమ్మ దిష్టి తీసేది,
తూకం వెయ్యకపోయేది.

మొన్న హవిష్ డబ్బా అందుకోని
నాలుగు మడతల కాయితం నా చేతిల పెట్టిండు.
"అంకుల్, దీన్ని బయట పడెయ్యవా? మా ఇంటి డస్ట్‌బిన్‌లో వద్దు."
బడి నర్సు రాసిన చీటీ.
ఇంగ్లీషు నాకు సగమే వస్తది,
ఎర్రపెన్నుతోని చుట్టిన అంకె మొత్తం సమజైంది.
అరవై ఎనిమిది.
నేను అరవై ఒకటి.

పడెయ్యలేదు. పడేస్తే వాని మాట నిలుస్తుండె,
తల్లికి చెప్తే వాని మొఖం పోతుండె.
సంచిల, వేయించిన నూనె వాసనల,
మూడు దినాలు నాతోని తిరిగింది.

నాలుగోనాడు కింద నిలవడి ఫోన్ చేసిన.
"లిఫ్టు ఖరాబైంది బాబూ, నువ్వే దిగి రా."
నా ఎన్కనే లిఫ్టు టింగుమన్నది.
చానసేపటికి వచ్చిండు
చెమటతోని, గోడ పట్టుకోని,
ఒక్కో మెట్టును పేరు పెట్టి తిట్టుకుంట.
పైకెట్ల పోయిండో నేను చూడలేదు.
తల్లి ఒక్క చుక్క ఇచ్చింది నాకు, ఐదులకెంచి.
కంపెనీ పది దిర్హాములు కోసింది.

సిగ్గైంది. పది మెతుకులు పోయినందుకా,
అబద్ధానికా, ఎరుక లేదు.

ఇయ్యాల పోయేవరకు
చివరి మెట్టు మీద కూసోనున్నడు.
"లిఫ్టు పాడైంది కదా అంకుల్," అన్నడు,
టింగుమనే లిఫ్టు దిక్కు చూడకుంట.
డబ్బా విప్పి
నాలుగు ఆలుగడ్డ ముక్కలు నా దిక్కు జరిపిండు.
పొద్దుగాల తిన్న కుబ్బూసు ఎప్పుడో అరిగింది.
చల్లారినయి.
తిన్న.