మడికొండ గాలి

పొద్దుగాల ఆరున్నరకు
కాశిబుగ్గ మూడో గల్లీల చెత్త ఆటో ఆగుతది.
స్వరూప ఈల వెయ్యదు,
రేకు మీద రెండు దెబ్బలు కొడతది:
ఒకటి తడికి, ఒకటి పొడికి.

నిన్న నేనిచ్చిన ఆనిగెపుకాయ తొక్కల్ల
గోడగడియారం సెల్లు దొరికిందట.
కొంగుతోని తుడిచి
నా అరచేతిల పెట్టింది,
చిల్లర తిరిగిచ్చినట్టు.

"మా ఇల్లు మడికొండల, సార్.
మీరు కలిపి పారేసిందంత
మా దిక్కు గుట్టయితది.
గుట్ట కడుపుల గ్యాసు పుడతది,
కండ్లకు కనవడది.
ఎండకాలం అదే అంటుకుంటది.
మా చిన్నోడు దగ్గుడు మొదలువెడితె
గాలి ఎటు మర్రిందో మాకెరుకైతది."

ఇన్నేండ్లు నాకు చెత్తంటే
గేటు దాటేదాకనే.

ఆదివారం ఆమె వెంట ఎరువు షెడ్డుకు పోయిన.
ఉల్లిపొట్టు, చాయపత్తి, వాడిన బంతిపూలు,
ఎవరింటివో చెప్పలేనంతగ నల్లబడ్డయి.
చెయ్యి పెట్టి చూడుమన్నది.
మోచెయ్యి దాకా పెట్టిన,
పొదిగే కోడి కింద పెట్టినట్టున్నది.
"భయపడకుండ్రి,
ఇది మండే వేడి కాదు
మాగే వేడి."

ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు పెట్టినా
గోళ్లల్ల తొలకరి వాసన పోలేదు.
పోవాల్నని నాకూ లేదు.

ఆ సెల్లు మాత్రం
ఇంకా కిటికీ దిమ్మె మీదనే ఉన్నది.
దాన్ని ఏ డబ్బాల వెయ్యాల్నో
స్వరూపను అడిగిన.
ఆమె కూడ తెల్వదన్నది.